చిన్న తిరుపతికి మొక్కిన జుట్టు

రాజమండ్రి దానవాయిపేటలో మా స్కిన్ క్లినిక్‌కు జుట్టు కోసం వచ్చేవాళ్లను ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. నా పేరు అశ్విని. డాక్టరు సుప్రియ గారి దగ్గర మిషన్లన్నీ నడిపేది నేనే. బట్టతల మగవాళ్లు వచ్చారంటే నాకు చెప్పలేనంత చిరాకు. పెళ్లిచూపులు వచ్చే నెల, జుట్టు ఈ నెలలో వచ్చెయ్యాలి. లేజర్ కుర్చీలో మూడుసార్లు కూర్చుని, నాలుగోసారికి అద్దంలో చూసుకుని "ఏంటి మేడం, ఇంకా రాలేదు?" అని నా మీద ఎగురుతారు, వాళ్ల జుట్టేదో నేను దాచుకున్నట్టు. నేను మాత్రం తగ్గుతానా? "మీ నాన్నగారి తల ఒకసారి చూసి వచ్చారా బాబూ?" అని అడిగేస్తాను. డాక్టరు గారు ఎన్నోసార్లు మందలించారు. నా నోరు అంతే.

పాపాయి గారిని మాత్రం అయిదు నెలల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక మంచి మాట చెప్పాననుకున్నాను. ఆ మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడది కడియం పక్కన కడియపులంక. వయసు నలభై ఎనిమిది. నర్సరీలో ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపి మొక్కలు దింపే పని. భర్త చంద్రరావు గారు అదే నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే మేస్త్రీ. ఒక్కతే కూతురు హారతి, పెళ్లయి సామర్లకోటలో ఉంటోంది. జూన్ నెలాఖరులో ఒక సోమవారం పొద్దున్న తలంతా కొంగుతో చుట్టుకుని ఆవిడ క్లినిక్‌కు వచ్చింది. గది తలుపు వేశాక కూడా కొంగు తియ్యలేదు. ముందు సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో జుట్టు. కడిగి, ఆరబెట్టి, చిక్కు తీసి, ఉండలుగా చుట్టి పెట్టిన జుట్టు. ఒక్కో పోగు చేతికి కొలిస్తే నడుం దాటి ఉంటుంది.

"ఇవన్నీ నా తలవేనండి. రాలినియ్యి రాలినట్టు దాసేను. వీటిని మళ్లీ నాటడానికి కుదురుద్దాండి?"

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. మొక్క పనిలో ఉన్న మనిషి, పీకిన నారును మళ్లీ నాటినట్టే అనుకుంది. రాలిన వెంట్రుకను నాటడం కుదరదండి అని చెబితే తలూపి, కవరు మళ్లీ సంచిలో పెట్టుకుని, అప్పుడు కొంగు తీసింది. పాపిడి దగ్గర మూడు వేళ్ల వెడల్పున మాడు కనిపిస్తోంది. వెనక మిగిలిన జడ చిటికెన వేలంత ఉంది.

డాక్టరు గారు కెమెరా పెట్టి మాడును పెద్దది చేసి చూశారు. పెద్ద దిగులు తగిలితే మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలడం మామూలేనని, దానికితోడు ఈ వయసులో ఆడవాళ్లకు వచ్చే పలచదనం కూడా కలిసిందని చెప్పారు. ఐరన్ మాత్రలు రాశారు, రాసుకునే మందు ఇచ్చారు. నాలుగు రోజులకే ఆ మందుకు మాడంతా ఎర్రగా పొంగింది. అప్పుడు లేజర్ మాట వచ్చింది. కాల్చే లేజర్ కాదు. ఎర్రటి సన్నని వెలుగు, వేడి కూడా తగలదు. టోపీ లాంటిది తలమీద పెట్టుకుని వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు కూర్చోవాలి. కుదుళ్లు బతికున్న చోట జుట్టును మళ్లీ లేపుతుంది, చచ్చిన చోట ఏమీ చెయ్యలేదు. అందరికీ పనిచేస్తుందని కూడా చెప్పలేం. నాలుగు నెలలో ఆరు నెలలో పడుతుంది.

"కుదురు బతికుందాండి?" అని అడిగింది పాపాయి గారు.

"చాలావరకు బతికే ఉన్నాయమ్మా."

"అయితే చిగురేత్తదండి," అంది. మొదటిసారి ఆవిడ మొహం తేటపడింది.

ఎక్కువసేపు పెట్టించుకుంటే త్వరగా వస్తుందా అని అందరూ అడుగుతారు. ఎక్కువైతే మేలు జరగకపోగా ఉన్నదీ చెడొచ్చని చెబితే చదువుకున్నవాళ్లకు కూడా ఎక్కదు. ఆవిడకు చెప్పక్కర్లేకపోయింది. లేత మొక్కను ఎండలో పెట్టకుండా పచ్చవల కింద పెట్టి పెంచే మనిషి కదా. ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలకే లేచేది.

ఆ మిషన్ మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎవరైనా ఆరు నెలలు క్రమం తప్పకుండా వచ్చి, మొదట్లో ఒకసారి, మూడో నెలలో, ఆరో నెలలో ఫొటోలు తీసుకోనిస్తే ఫీజు వద్దని డాక్టరు గారు అనుకున్నారు. విశాఖపట్నంలో డాక్టర్ల మీటింగులో చూపించడానికట. పాపాయి గారు ఒప్పుకుంది. ఫొటోల బాధ్యత నాది. ఒకే వెలుగు, ఒకే దూరం, ఒకే పాపిడి. ఆ పని నాకెంతో ఇష్టం. ఇంకొకరు చేస్తే ఒప్పుకోను.

మూడో రోజు కుర్చీలో కూర్చున్నప్పుడు, జుట్టు కోసం ఇంత తపన దేనికండీ, కూతురి పెళ్లి కూడా అయిపోయిందన్నారు కదా అని వేళాకోళంగా అడిగాను.

"ఇచ్చేయాలండి," అంది.

"ఎవరికి?"

"చిన్న తిరుపతి ఎంకన్నబాబుకండి."

అప్పుడు చెప్పింది. ఫిబ్రవరి నెలాఖరున లారీకి మొక్కలు ఎక్కించాక చంద్రరావు గారు పైకెక్కి తాడు బిగిస్తుంటే జారి, కింద సిమెంటు గట్టు మీద తలగొట్టుకుని పడ్డాడు. మెదడు వాస్తే ఒత్తిడి తగ్గడానికి ఎడమవైపు ఎముక ముక్క తీసి, అది పాడవకుండా ఆయన పొట్ట చర్మం కిందే దాచారు. జనవరిలో తిరిగి పెడతామన్నారు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఈవిడ జడ ముందుకు తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది. స్వామీ, ఈ మనిషిని నాకు ఉంచు, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నా తలమీద ఉన్నదంతా నీకిచ్చుకుంటాను అని మొక్కుకుంది. నాలుగో రోజు ఆయన కళ్లు తెరిచాడు.

"మరి అప్పుడే వెళ్లి ఇచ్చేయాల్సింది కదండీ?"

"ఈయన్ని కూర్చోబెట్టుకుని ఇత్తానన్నానండి. ఈయన మే నెల దాకా కూర్చోలేదు. కూర్చునేసరికి నా తల కాళీ అయిపోయింది." చేత్తో పైకి చూపించి, "ఎంకన్నబాబు ఇచ్చేశాడు. నేనివ్వలేదని ఆయనే పీక్కుంటన్నాడండి," అంది.

చిన్న తిరుపతి అంటే ద్వారకా తిరుమల. మా వైపు ఆడవాళ్లు చాలామంది అక్కడ తలనీలాలు ఇస్తారు. గుండు వద్దనుకున్నవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు, అంటే మూడుచోట్ల కొంచెం కొంచెం కత్తిరించుకోవడం. ఈవిడ ఆడపడుచు అదే చెప్పిందట. పసుపు కుంకాలున్న ఆడదానివి, మూడు కత్తెర్లు ఇచ్చేసి రా వదినా, స్వామి ఏమీ అనుకోడు అని.

"మూడు కత్తెర్లు మొక్కలేదు కదండీ," అంది పాపాయి గారు.

"పోనీ ఉన్నంతే ఇచ్చెయ్యండి. దేవుడేమైనా తూకం వేస్తాడా?"

ఆవిడ చిటికెన వేలంత జడను ముందుకు తీసి నాకు చూపించింది. "ఆ మనిషి ప్రాణానికి ఇదాండి నేనిచ్చేది?"

రాలిన జుట్టు దేవుడికి పనికిరాదు, తలమీద ఉండగా తీసిందే తలనీలం. అందుకే ఒక్కో వెంట్రుక రాలినప్పుడల్లా ఆవిడకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఎముక తిరిగి పెట్టే ఆపరేషన్‌కు ముందే మొక్కు తీరాలి. తీరకుండా ఆయన్ని ఆ బల్ల ఎక్కిస్తే తిరిగి రాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి నేనెవర్ని?

సోమ, బుధ, శుక్రవారాలు ఆవిడ వచ్చేది. తెల్లవారే ఆయనకు స్నానం చేయించి, ముద్దలు కలిపి తినిపించి, పక్కింటివాళ్లకు అప్పచెప్పి, హైవే మీద బస్సెక్కి తొమ్మిదింటికల్లా మా మెట్ల మీద కూర్చునేది. మేము తాళం తీసేది తొమ్మిదిన్నరకు. వర్షాలకు వేమగిరి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయిన రోజు కూడా చీర సగం తడుపుకుని వచ్చింది.

అయిదో వారంలో ఒక గండం వచ్చింది. లేజర్ మొదలెట్టాక కొంతమందికి ముందు ఇంకా ఎక్కువ రాలుతుంది. మేము చెబుతాం. చెప్పినా ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ బుధవారం పాపాయి గారు వచ్చేసరికి తల జడలు కట్టి ఉంది. తొమ్మిది రోజులుగా దువ్వలేదు, తలంటుకోలేదు. దువ్వెన తగిలితే రాలుతుందని భయం. పడుకుంటే తలగడకు అంటుకుంటున్నాయని రెండు రాత్రులు గోడకు జేరబడి కూర్చుందట. ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

"ఇలా ఉంటే లైటు మాడుకు తగలదు పిన్ని గారూ. రండి," అని చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లి నేనే తలంటాను. చిక్కు తీస్తుంటే నా చేతి నిండా జుట్టు వచ్చింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని గోవిందా గోవిందా అంటోంది.

"పాత జుట్టును కొత్తది తోసేస్తోందండి. మంచిదే ఇది."

"పండాకు రాలి కొత్తాకు వచ్చినట్టాండి?"

"అంతేనండి."

"నిజం చెప్పండి మేడంగారండీ. నాకు ఊరికే చెప్పకండి."

"నిజమేనండి," అన్నాను. నిజమే. అయినా నా గొంతులో నాకే నమ్మకం వినిపించలేదు.

ఒక్కసారి చంద్రరావు గారిని కూడా తీసుకొచ్చింది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరట. తలకు మెత్తటి గుడ్డ టోపీ, ఎడమవైపు కణత పైన లొట్ట. కుడి చెయ్యి పెద్దగా పనిచెయ్యదు. మాట ముద్దగా వస్తుంది కానీ మనిషి సరదా మనిషి.

"దీని జడ... సూశారాండి మీరు?" అని అడిగాడు నన్ను.

"లేదండి."

"మొక్కలకి నీళ్లెట్టే పైపంత ఉండేదండి. పెళ్లయిన కొత్తలో... నిద్దట్లో పీకకి సుట్టుకునేది." ఒకవైపు మూతితోనే నవ్వాడు. "ఇప్పుడు నాకోసం ఏడవడం మానేసి జుట్టు కోసం ఏడుత్తందండి."

"నోరుమూసుకో," అంది పాపాయి గారు. కానీ ఆయన జేబులోంచి రుమాలు తీసి మూతి తుడిచిన తీరు చూస్తే, ఈవిడ ఎందుకు గుండు మొక్కిందో నాకు అర్థమైంది.

సెప్టెంబరు ఆఖరులో మూడో నెల ఫొటో తీశాను. పాపిడి పక్కన సన్నటి నూగు. అక్టోబరు ఆఖరుకు ఆ నూగు నల్లబడింది. మాడు కనిపించే వెడల్పు మూడు వేళ్ల నుంచి ఒక వేలికి వచ్చింది. పాత ఫొటో, కొత్త ఫొటో కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టి చూపించాను. పాపాయి గారు చాలాసేపు చూసింది. తర్వాత లేచి ఆ మిషన్‌కు దణ్ణం పెట్టింది.

"కార్తీకమాసం కదండీ. ఈ శనివారం ఎల్లొచ్చేద్దామనుకుంటన్నామండి. ఆటో మాట్లాడేశాం. ఈయన కూడా కూర్చోగలడు. ఇంకా నిండలేదనుకోండి... ఏమంటారు?"

అడిగింది నన్ను. డాక్టరు గారిని కాదు. అప్పుడు నేనన్న మాట ఇది.

"ఇంకో రెండు నెలలు ఆగండి పిన్ని గారూ. ఆపరేషన్ జనవరిలోనే కదా. డిసెంబరు ఆఖరుకు తలంతా నిండుతుంది. ఇంత కష్టపడి సగంలో ఇచ్చేస్తారా?"

ఆవిడ మొహం విప్పారింది. ఒత్తుగా ఇవ్వాలని ఆవిడకూ ఉంది. ఎవరో ఒకరు ఆగమనాలి, అంతే. నేనన్నాను. అబద్ధం చెప్పలేదు. కానీ నా మనసులో ఉన్నది డిసెంబరులో తియ్యాల్సిన ఆరో నెల ఫొటో. గుండు చేయించుకుని వస్తే దేన్ని తీస్తాను? మూడు ఫొటోల్లో మూడోది లేకపోతే నా పనంతా వృథా అనిపించింది. డాక్టరు గారికి ఆ మొక్కు సంగతే నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ ఆ నిమిషమే వెళ్లి రమ్మనేవారు.

నవంబరు ఆఖరు శుక్రవారం పాపాయి గారు రాలేదు. అయిదు నెలల్లో ఒక్క రోజు మానని మనిషి. బస్సు దొరకలేదేమో అనుకున్నాను. సోమవారం కూడా రాకపోతే ఫోన్ చేశాను. కూతురు హారతి ఎత్తింది. గురువారం పొద్దున్న కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఉండగానే నాన్నగారికి ఫిట్స్ వచ్చాయండి, ఆగలేదండి, ఆస్పత్రికి తీసుకెళ్తుంటే వేమగిరి దాటకుండానే ఆటోలో అమ్మ ఒళ్లోనే పోయారండి అని చెప్పింది.

ఫోన్ పెట్టేసి మిషన్ గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. సాయంత్రం డాక్టరు గారికి మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఫొటోలదేముంది అశ్వినీ, పంపించేయాల్సింది కదా," అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

దినకార్యం అయ్యాక, డిసెంబరు మధ్యలో ఒక బుధవారం, పాపాయి గారు వచ్చింది. ఎప్పటిలాగే తొమ్మిదింటికి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను ఆవిడ మొహం చూడకుండా తాళం తీశాను. లోపలికి వచ్చి, తలుపు వేశాక కొంగు తీసింది. తల నిండింది. పాపిడి సన్నగా గీత గీసినట్టు ఉంది. కొత్త జుట్టు రెండంగుళాలు పెరిగి దువ్వినా నిలవకుండా లేచి నిలబడుతోంది. నేను ఎనిమిదేళ్లలో ఎవరికీ ఇంత బాగా రావడం చూడలేదు.

"తొమ్మిది నెలలు ఉంచాడండి ఎంకన్నబాబు," అంది. "అడిగింది ఇచ్చాడు. నేనే ఇవ్వలేదు."

"నేనే ఆగమన్నాను పిన్ని గారూ."

"ఆయ్. మీరన్నారండి. నేను ఆగానండి."

అందులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత పక్క గది వైపు చూపించింది. ఆ గదిలో అమ్మాయిలకు గడ్డం మీద, పెదవి మీద అవాంఛిత రోమాలు తీసే పెద్ద లేజర్ ఉంటుంది.

"జుట్టు మళ్లీ మొలవకుండా ఆ గదిలో ఏదో లైటు పెడతారంట కదండీ. నాకు అది పెట్టండి. సావు జరిగిన ఇల్లు, ఏడాది దాకా కొండ మెట్లెక్కకూడదంటన్నారు మావాళ్లు. ఈ జుట్టు నెత్తిన పెట్టుకుని ఏడాది ఎలా తిరగనండి? అద్దం తియ్యించేశాను. అయినా చేతికి తగులుతానే ఉందండి."

ఆవిడకు ఊరట కలిగించాలనే చెప్పాను. "దానికి ఆ లైటు అక్కర్లేదండి. ఇది మానేస్తే చాలు. నాలుగైదు నెలల్లో వచ్చిందంతా మెల్లగా పలచబడిపోతుంది."

పాపాయి గారు నావైపు తిరిగింది.

"అయితే ఏడాదికి ఏముంటదండి?"

నాకు అప్పుడు తట్టింది ఏం చెప్పానో. "ఇంత ఉండదండి."

"ఎంతుంటది?"

"మీరు మొదట వచ్చినప్పుడు ఉన్నంతే. ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు."

బయట వెయిటింగ్ హాల్లో ఎవరో కుర్రాడు జుట్టు ఎన్నాళ్లకు వస్తుందని కౌంటర్ దగ్గర గట్టిగా అడుగుతున్నాడు.

"నిలబెట్టాలంటే?" అంది పాపాయి గారు.

"వస్తూనే ఉండాలండి. ఇప్పట్లాగే. వారానికి మూడు రోజులు."

పాపాయి గారు లేచింది. కొంగు నడుంలో దోపుకుని వెళ్లి లేజర్ కుర్చీలో కూర్చుంది. వెనక్కి జేరబడి కళ్లు మూసుకుంది.

"పెట్టండి మరి. ఎంకన్నబాబు మాట ఆయన తీర్చాడు కదండీ. నాది ఉండిపోయింది."

వచ్చే నవంబరు సంవత్సరీకం దాకా పెట్టాలి. డాక్టరు గారు ఆ పనికి ఇంకో అమ్మాయిని వేస్తానన్నారు, నేను ఒప్పుకోలేదు. సోమ, బుధ, శుక్రవారాలు తొమ్మిదింటికే వచ్చి తాళం తీస్తున్నాను. మిషన్ ఆపాక ఆవిడ ప్రతిసారీ తల వంచి "ఉందాండి?" అని అడుగుతుంది. పాపిడి తీసి, మాడు మొత్తం చూసి, ఉందండి అని చెబుతాను.